విమానం ఎక్కని దేవత

మా పిల్లవాడికి ఏడాది నిండాక ఇండియా తీసుకెళ్ళి, తిరుమలలో పుట్టువెంట్రుకలు తీయించి తీసుకొచ్చాం. ఇర్వింగులో వాణ్ణి డేకేరుకి పంపిన మొదటిరోజే అక్కడి టీచరు నన్ను పక్కకి పిలిచి, గొంతు తగ్గించి, "పిల్లాడికి ఒంట్లో బాగుండలేదా?" అని అడిగింది. పేలనుకుందో, అంతకంటే పెద్ద జబ్బే అనుకుందో తెలీదు గానీ ఆవిడ మొహంలో నిజమైన బాధ కనిపించింది. "అబ్బే, అదేం కాదు. మా మతంలో అదొక ఆచారం" అన్నాను. "ఓ, ఎంత బాగుందో!" అంది. అక్కడితో సరిపోయింది.

ఆవిడకి సరిపోయింది కానీ నాకు సరిపోలేదు. ఆచారమంటే ఏమిటి? ఆ జుట్టు దేవుడికి ఇచ్చామా, లేక వదిలించుకున్నామా? కందుకూరు దగ్గర మా ఊళ్ళో మా నాన్నని ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. అడిగేవాడికి కూడా గుండు ఉండేది కాబట్టి. ప్రపంచీకరణ అనగానే మనకి కోకాకోలా, కాల్ సెంటర్లు, డాలరు మారకం రేటు గుర్తొస్తాయి. మతానికి సంబంధించినంత వరకూ ప్రపంచీకరణ అంటే నాకు తోచిన అర్థం ఇది: తరతరాలుగా ఎవరూ అడగని ప్రశ్నకి ఉన్నట్టుండి జవాబు చెప్పవలసి రావడం. ఆ జవాబు వెతుక్కోవడంలో మతమే కొంచెం కొంచెంగా మారిపోతుంది. ఎటు మారుతుందన్నది అడిగేవాణ్ణి బట్టి కొంత, చెప్పేవాడి నిజాయితీని బట్టి కొంత.

ఇది నా ఒక్కడి సమస్య అనుకునేవాణ్ణి, 2004 మే నెలలో జరిగిన సంగతి చదివేదాకా. నిష్ఠగా ఉండే యూదు స్త్రీలు పెళ్ళయ్యాక తమ జుట్టు పరాయివాళ్ళకి కనపడనివ్వరు. చాలామంది విగ్గు పెట్టుకుంటారు. దాన్ని షైటెల్ అంటారు. మంచి షైటెల్ నిజమైన మనిషి జుట్టుతోనే చేస్తారు. ఆ జుట్టులో చాలా భాగం ఇండియాది, అందులోనూ తిరుమల కల్యాణకట్టది. అక్కడొచ్చింది చిక్కు. విగ్రహానికి సమర్పించిన వస్తువుని యూదులు ముట్టుకోకూడదు, దానివల్ల ఏ ప్రయోజనమూ పొందకూడదు. మరి తిరుమలలో తీసిన జుట్టు విగ్రహానికి సమర్పించినదా, కాదా? జెరూసలేములో యోసెఫ్ షాలోమ్ ఎల్యాషివ్ అని, ఆ సంప్రదాయంలో ఆయన మాటకి తిరుగులేని పెద్ద రబ్బీ ఉండేవారు. అంతకు కొన్నేళ్ళ ముందు ఇదే ప్రశ్నకి ఆయన, తనకి అందిన సమాచారాన్ని బట్టి, తప్పులేదన్నారు. 2004లో మళ్ళీ అనుమానం వచ్చి, లండను నుంచి ఆహరోన్ డోవిడ్ డన్నర్ అనే రబ్బీని ఏకంగా తిరుపతికే పంపారు. డన్నర్ కొండెక్కి, చూసి, విచారించి, ఇది సమర్పణే అని చెప్పారు. ఎల్యాషివ్ నిషేధించారు. న్యూయార్కు బ్రూక్లిన్లో ఆడవాళ్ళు వందలూ వేలూ డాలర్లు పోసి కొనుక్కున్న విగ్గులు వీధిలోకి తెచ్చి మంటల్లో వేశారు. అదే న్యూయార్కులో ఇంకొందరు రబ్బీలు, అది సమర్పణ కాదు, నిషేధం అక్కర్లేదు అని వాదించారు.

ఇది విని మనవాళ్ళలో కొందరు నవ్వారు, కొందరికి కోపం వచ్చింది. నాకు మాత్రం ముచ్చటేసింది. మన కొండమీద మంగలి కత్తి కింద ఏం జరుగుతోందో ఇంత శ్రద్ధగా, ఇంత భయంతో తెలుసుకోవాలనుకున్నవాళ్ళు మనలో ఎవరైనా ఉన్నారా? జుట్టుని పొడుగుని బట్టి రకాలుగా విడదీసి, టన్నుల లెక్కన వేలం వేసి కోట్లు రాబట్టే పద్ధతి మనది. ఇప్పుడది కంప్యూటర్లో ఈ-వేలం. ఆ వేలంపాట కంటే, వద్దని తగలబెట్టినవాళ్ళే ఆ తలనీలాలకి దైవసంబంధం ఉందని నిజంగా నమ్మారు!

ఇంతకీ జవాబేమిటి? నీలాదేవి కథ మనందరికీ తెలుసు. స్వామి తలమీద దెబ్బతగిలి కొంత మేర జుట్టు పోతే, ఆ గంధర్వకాంత తన కురులు కోసి ఇచ్చింది, అందుకే భక్తులిచ్చే తలనీలాలు ఆమెకి చెందుతాయి అంటారు. ఈ లెక్కన జుట్టు కానుకే, డన్నర్ చెప్పింది నిజమే. ఉపన్యాసాలు చెప్పేవారిని అడగండి. జుట్టు అహంకారానికి గుర్తు, దాన్ని వదులుకోవడమే అసలు సంగతి, జుట్టుతో దేవుడికేం పని అంటారు. అలాగైతే తప్పులేదన్న న్యూయార్కు రబ్బీలదే సరైన మాట. బిడ్డకి జ్వరం తగ్గితే జుట్టిస్తానని మొక్కుకుని, పల్లెనుంచి బస్సులో వచ్చి, నడుం దిగే జడని ఇచ్చేసిన ఆడమనిషికి ఈ రెండు జవాబుల్లో ఏదీ అక్కర్లేదు. మొక్కుకుంది, తీర్చింది. దేవుడికిచ్చిందాన్ని వెనక్కి తిరిగి చూడకూడదు అంటుంది. వేలంలో ఎక్కువ ధర పలికేది అలాంటి ఆవిడ జడే. పండితులు మాట్లాడారు, రబ్బీలు మాట్లాడారు, వ్యాపారస్తులు మాట్లాడారు. ఇచ్చినావిడని మాత్రం ఇది ఎక్కడికి వెళ్ళాలమ్మా అని అడిగినట్టు నేనెక్కడా చదవలేదు.

ఎల్యాషివ్ అడిగిన ప్రశ్న తెలుసుకోవడానికి అడిగిన ప్రశ్న. అన్ని ప్రశ్నలూ అలాంటివి కావు. రెండో రకం ప్రశ్నని నేను ఇర్వింగులోనే చూశాను.

ఈ ఊరు 1914లో మునిసిపాలిటీ అయిన చిన్న టెక్సస్ ఊరు. 1974లో పక్కనే డాలస్-ఫోర్టువర్తు విమానాశ్రయం తెరిచారు. ఆ తరవాత లాస్ కొలీనాస్ ఆఫీసులూ, వాటి వెనకే వ్యాలీరాంచి అపార్టుమెంట్లూ, వాటి వెనకే మనమూ. చిలుకూరు బాలాజీ చుట్టూ పదకొండు ప్రదక్షిణలు చేసి, వీసా వచ్చాక మొక్కు ప్రకారం నూటెనిమిది తిరిగినవాళ్ళని ఒక్కచోట చూడాలంటే శనివారం పొద్దున ఇక్కడి ఇండియన్ కొట్టుకి వస్తే చాలు. దేవుడు విమానం ఎక్కక ముందే వీసా ఆఫీసరు పని కూడా నేర్చుకున్నాడు. అయితే ఈ ఊరికి మతాన్ని మోసుకొచ్చినవాళ్ళలో మొదటివాళ్ళం మనం కాదు. హంగరీలో కమ్యూనిస్టులు మఠాలు మూసేస్తే జిర్త్స్ అనే ఊరి మఠానికి చెందిన సిస్టెర్షియన్ సన్యాసులు కొందరు పారిపోయి వచ్చి, 1950లలో ఇక్కడ చేరారు. పెద్ద పెద్ద సున్నపురాయి దిమ్మెలు పేర్చి 1992లో వాళ్ళు కట్టుకున్న చర్చి, ఆ కొత్త రాతి మధ్యన తొమ్మిది వందల ఏళ్ళ నాటి పద్ధతిలో పాడే ప్రార్థన, ఇప్పటికీ ఉన్నాయి. ఊళ్ళో మసీదు ఉంది. ఏకతా మందిర్ ఉంది. థామస్ జెఫర్సన్ పేరున్న పార్కులో 2014 అక్టోబరు 2న గాంధీగారి విగ్రహం కూడా వెలిసింది. పరమతస్థుల హక్కులకోసం వర్జీనియాలో చట్టం రాసి, బానిసల్ని మాత్రం వదలని జెఫర్సన్ తోటలో గాంధీ నిలబడి ఉండడం చూస్తే నాకు ఒక్కోసారి నవ్వొస్తుంది. ఇద్దరూ మాట్లాడుకోవడానికి చాలా ఉంది.

గాంధీ వచ్చిన మరుసటి ఏడే గొడవ మొదలైంది. డాలస్ ప్రాంతంలో కొందరు ముస్లిం పెద్దలు, తమవాళ్ళ కుటుంబ తగాదాలు, వ్యాపార తగాదాలు ఇష్టమైతే తమ ముందుకు తెచ్చుకోవచ్చని ఒక మధ్యవర్తి మండలి పెట్టారు. యూదులకి బెత్ దిన్ ఉన్నట్టే, కొన్ని చర్చిలకి రాజీ మండళ్ళు ఉన్నట్టే. అది ఇర్వింగు మసీదులో వెలిసిన షరియా కోర్టని పుకారు లేచింది. విదేశీ చట్టాలు టెక్సస్ కోర్టుల్లో చెల్లకూడదన్న బిల్లుకి మద్దతుగా 2015 మార్చిలో ఇర్వింగు సిటీ కౌన్సిల్ అయిదు నాలుగు ఓట్లతో తీర్మానం చేసింది. సెప్టెంబరులో గడియారం తయారుచేసి బడికి తెచ్చిన పద్నాలుగేళ్ళ ముస్లిం కుర్రాడికి బేడీలు వేశారు. నవంబరులో తుపాకులు పట్టుకుని కొందరు మసీదు ముందు నిలబడ్డారు.

"అది కోర్టా, కాదా?" అన్నది అడగదగ్గ ప్రశ్నే. నేనైతే ఇంకా అడుగుతాను: అక్కడికి వెళ్ళిన ఆడదాని మాటకి మగవాడి మాటతో సమానమైన విలువ ఉందా? ఇష్టమైతేనే రావచ్చంటున్నారు, వెళ్ళనన్న కోడలికి ఇంట్లో ఏమవుతుంది? ఇవి ముస్లింలలోనే చాలామందికి, ముఖ్యంగా ఆడవాళ్ళకి, ఉండే ప్రశ్నలు. కానీ గుమ్మంముందు తుపాకీ నిలబడి ఉన్నప్పుడు ఇంటిలోపలి ప్రశ్న ఎవరడుగుతారు? బయటివాడు నిందగా అడిగితే, లోపలివాళ్ళంతా ఒక్కమాట మీద నిలబడతారు. ఆ ఒక్కమాట ఎప్పుడూ "మాలో ఏ లోపమూ లేదు" అన్నదే. బయటివాడికి చెప్పిన జవాబు తిరిగివచ్చి లోపలివాళ్ళ నోరు కూడా నొక్కేస్తుంది. నా లెక్కలో, ఆ ఏడు జరిగిన నష్టాల్లో పైకి కనపడనిది ఇది.

మనవాళ్ళేమన్నారు? "వాళ్ళ గొడవ మనకెందుకండీ" అన్నారు ఎక్కువమంది. కొందరు "వాళ్ళకి కావలసిందే" అని కూడా అన్నారు. తరవాత 2024 ఆగస్టులో హ్యూస్టన్ పక్కన షుగర్లాండు అష్టలక్ష్మి ఆలయంలో, చినజీయరుస్వామి సంకల్పంతో, తొంభై అడుగుల హనుమంతుడి విగ్రహం లేచింది. 2025 సెప్టెంబరులో, సెనేటుకి పోటీచేస్తున్న ఒక అభ్యర్థి, ఇది క్రైస్తవ దేశం, అబద్ధపు దేవుడి అబద్ధపు విగ్రహాన్ని టెక్సస్లో ఎందుకు ఉండనిస్తున్నాం అన్నాడు. పదేళ్ళ క్రితం మనకెందుకన్నవాళ్ళే ఆరోజు రాజ్యాంగంలోని మొదటి సవరణ పాఠం అందరికీ ఫార్వర్డు చేశారు. మంచిదే, ఆ పాఠం ఎప్పుడు చదివినా పనికొస్తుంది.

ఇలా అడిగేవాళ్ళు తగులుతారన్న భయం మనలో ముందునుంచీ ఉన్నట్టుంది. మనం ఏ దేవుళ్ళని వెంట తెచ్చుకున్నామో చూడండి. 1976లో పిట్స్‌బర్గుకి వెంకటేశ్వరస్వామి వచ్చాడు, మర్నాడు అన్నట్టుగా 1977లో న్యూయార్కు ఫ్లషింగుకి వినాయకుడు వచ్చాడు. తరవాత రాముడు, శివుడు, అయ్యప్ప, సాయిబాబా. ఏకతా మందిరులో ఉత్తరాది దేవుళ్ళూ దక్షిణాది దేవుళ్ళూ ఒకే కప్పుకింద సర్దుకున్నారు. ఊళ్ళో అయితే ఒకళ్ళ గుడికి ఇంకొకళ్ళు వెళ్ళని శైవ వైష్ణవాలు ఇక్కడ పార్కింగు స్థలం కూడా పంచుకుంటాయి. ఇది ప్రపంచీకరణ చేసిన మేలే, కాదనను. కానీ మా ఊరి పోలేరమ్మ ఏదీ? అంకమ్మ ఏదీ? ఎల్లమ్మ, మైసమ్మ, పోచమ్మ ఏరీ? బోనం కుండని ఫంక్షన్ హాల్లో వేదిక మీదకి తెచ్చాం, తల్లిని తేలేదు. ఊరికి కలరా వస్తే మా తాతలు పరిగెత్తింది పోలేరమ్మ దగ్గరికే. తిరుమలకి బతికి బట్టకట్టాక మొక్కు తీర్చుకోవడానికి వెళ్ళేవాళ్ళు.

ఎందుకు రాలేదంటే అందరూ చెప్పే కారణం ఒకటుంది: ఆవిడకి వేటపోతు కావాలి, అమెరికాలో ఆ పని చేస్తే జైల్లో వేస్తారు. ఈ కారణం నిజం కాదు. ఇర్వింగు నుంచి కారులో పావుగంట పోతే యూలెస్ అనే ఊరు వస్తుంది. అక్కడ హోసే మెర్సెడ్ అనే ఆయన సాంతెరియా పూజారి. అది పశ్చిమాఫ్రికా నుంచి బానిసల వెంట క్యూబాకి, అక్కడినుంచి పోర్టోరికోకి, అక్కడినుంచి టెక్సస్‌కి ప్రయాణం చేసిన మతం. ఎవరూ వీసా ఇవ్వలేదు, గొలుసులతో తెచ్చారు. ఆయన తన ఇంట్లో దీక్ష ఇచ్చేటప్పుడు మేకల్ని, కోళ్ళని బలి ఇస్తాడు. ఊరివాళ్ళు కూడదన్నారు. ఆయన కోర్టుకెక్కాడు. 2009లో ఫెడరల్ అప్పీలు కోర్టు, టెక్సస్ మతస్వేచ్ఛ చట్టం ప్రకారం, ఆయన్ని ఆపే హక్కు ఊరికి లేదని చెప్పింది. అంతకుముందే 1993లో ఫ్లోరిడాలోని హయలియా అనే ఊరి కేసులో సుప్రీంకోర్టు, ఒక మతాన్ని గురిచూసి బలులు నిషేధించడం చెల్లదంది. మరి మన దగ్గరో? ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటిలోనూ గుళ్ళో జంతుబలిని నిషేధించే 1950 నాటి చట్టం పుస్తకాల్లో ఉంది. పోలేరమ్మ పుట్టినచోట కాయితం మీద నేరమైన పని, యూలెస్‌లో కోర్టు కాపాడిన హక్కు!

మేకని కోయాలని నేను వాదించడంలేదు. నాకు చూడ్డానికే ధైర్యం చాలదు. అయినా అడగవలసింది అడగాలి. ఆవిణ్ణి ఆపింది అమెరికా చట్టం కాదు, మనమే. డేకేరు టీచరు "ఓ, ఎంత బాగుందో!" అనే దేవుళ్ళని ఏరుకుని పెట్టెలో సర్దుకున్నాం. యోగా సర్దాం, దీపావళి సర్దాం, శాకాహారం సర్దాం. సమాధానం చెప్పుకోలేని దేవతని ఊరి పొలిమేరలోనే వదిలి వచ్చాం. ఆవిడతోపాటు ఆవిడకి పూజచేసే చాకలినీ, పోతురాజునీ, ఆసాదినీ, డప్పు కొట్టే మాదిగవాణ్ణీ కూడా వదిలి వచ్చాం. మన పిల్లలకి హిందూమతం అంటే అదంతా లేని మతమే. వాళ్ళు ఇరవై ఏళ్ళకి కాలేజీలో ఎవరో అడిగితే, "కులమా? అది మా మతంలో లేదు, ఇంగ్లీషువాళ్ళు పెట్టారు" అని నిజంగా నమ్మి చెబుతారు. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కులవివక్షని నిషేధించినప్పుడు, అదే ఏడు కాలిఫోర్నియాలో అలాంటి బిల్లు శాసనసభలు దాటి అక్టోబరులో గవర్నరు వీటోతో ఆగిపోయినప్పుడు, మనలో చాలామంది ఇచ్చిన జవాబు అదే. ఆ బిల్లుల్లో నిందగా అడిగిన ధోరణి కొంత ఉందన్నది నేనూ ఒప్పుకుంటాను. కానీ లోపల అడగవలసిన ప్రశ్నని కప్పెట్టడానికి అది చాలా వీలుగా దొరికింది మనకి.

లోపలి ప్రశ్నని అడిగినవాళ్ళు మా జిల్లాలో ఒకప్పుడు ఉన్నారు. వాళ్ళని అడిగేలా చేసింది కూడా ఆనాటి ప్రపంచీకరణే. నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టుల మిషన్ ఉండేది. ఏళ్ళు గడిచినా కలిసినవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేటంత మంది. మూసేద్దామా అని 1853లో అమెరికాలో చర్చ జరిగింది. వాళ్ళ పటంలో బర్మా నిండా చుక్కలు, బంగాళాఖాతానికి ఇవతల నెల్లూరు దగ్గర ఒకే ఒక చుక్క. శామ్యూల్ స్మిత్ అనే ఆయన ఆ ఒంటినక్షత్రం మీద పద్యం రాశాడట, దానితో మూసే ఆలోచన మానుకున్నారు. అప్పటినుంచి దానికి లోన్‌స్టార్ మిషన్ అని పేరు. నేనుండేది లోన్‌స్టార్ స్టేట్ అని కార్ల నెంబరు పలకలమీద రాసుకునే రాష్ట్రంలో. రెండు నక్షత్రాలకీ ఏ చుట్టరికమూ లేదు, ఊరికే నాకు తమాషాగా అనిపిస్తుంది.

1866లో ఒంగోలు చేరిన జాన్ క్లౌ దొర మిషనరీ కాకముందు భూమి కొలిచే సర్వేయరు. 1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో మూడున్నర మైళ్ళ కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్ళకి పని ఇచ్చాడు. అన్నంకోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు రోజుల్లో ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కరువు తీరాక, 1878 జులై 3న, గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజున 2,222 మందికి ఇచ్చారు. ఎక్కువమంది మాదిగలు. దేవుళ్ళ లెక్క పక్కన పెట్టి, వాళ్ళు ఊళ్ళోకి తిరిగి వెళ్ళి ఏం చేశారో చూడండి. ఆదివారం పని చెయ్యమన్నారు. చచ్చిన పశువు మాంసం తినమన్నారు. జాతరలో డప్పు కొట్టమన్నారు. ఊరి పెద్దలకి కోపం తెప్పించింది కూడా ఆ "కొట్టం" అన్న మాటే. ఏ అయోవాలోనో ఆదివారం చందాపళ్ళెంలో వేసిన నాణెం మా జిల్లాలో డప్పుని ఆపింది. ఆ మతం వచ్చి పల్లెనీ మార్చింది, పల్లె కూడా దాన్ని మార్చకుండా వదల్లేదు. ఈ రోజుకీ ఒకే ఊళ్ళో మాల చర్చి వేరు, మాదిగ చర్చి వేరు ఉన్న చోట్లున్నాయి.

ఆ 2,222 మందిలో ఒకరి వంశంవాడు ఇక్కడ మా పక్క వీధిలోనే ఉంటాడు. ఒంగోలు దగ్గర పల్లె, డేటాబేసుల పని, ఆదివారం తెలుగు చర్చి. నన్ను అన్నా అంటాడు, మా ఆవిణ్ణి వదినా అంటాడు. కొన్నేళ్ళ కిందట మా అపార్టుమెంట్ల వాళ్ళంతా కలిసి వినాయక చవితి చేస్తూ, నిమజ్జనానికి ఈసారి స్పీకర్లు వద్దు, అసలైన డప్పు ఉంటే బాగుంటుంది, ఎవరికైనా వచ్చా అని మాట్లాడుకుంటున్నారు. ప్లాస్టిక్ కుర్చీలు సర్దడానికి సాయం వచ్చిన అతను నవ్వుతూ, "మా తాతకి తాత మానేసిన పని అన్నా అది" అన్నాడు. కొందరికి అర్థమైంది, కొందరికి కాలేదు. పిల్లల్లో ఒకడు మాత్రం, "ఎందుకు మానేశారు అంకుల్?" అని ఇంగ్లీషులో అడిగాడు. అతను కుర్చీ కిందపెట్టి, వాడి పక్కన కూర్చుని, ఒక పది నిమిషాలు చెప్పాడు. ఊరిపేరుతో సహా చెప్పాడు. ఎవరూ మాట మార్చలేదు.

పూజ అయ్యాక అందరికీ పులిహోర పెడుతున్నాం. అతను కొంచెం మొహమాటపడి, "వదినా, ఇది దేవుడి ముందు పెట్టిందా?" అని అడిగాడు. విగ్రహానికి పెట్టింది వాళ్ళు తినరు. జెరూసలేము రబ్బీగారి ప్రశ్నే, మా పార్కింగు లాటులో. "అందరికోసం చేసిందే, పర్లేదు తినవయ్యా" అని ఎవరో అనబోయారు. మా ఆవిడ వాళ్ళని ఆపి, "ఈ గిన్నెలోది నైవేద్యం పెట్టాం నాయనా, నువ్వు తినకు. వంటింట్లో ఇంకో గిన్నె ఉంది, అది పెట్టలేదు, ఉండు" అని లోపలికి వెళ్ళింది. అతను వెనకాలే వెళ్ళి గరిట అందుకున్నాడు. కాస్త పులుపు ఎక్కువైందని ఇద్దరూ అనుకోవడం బయటికి వినిపించింది.